ఆ చేతి కానుకను అందుకోవచ్చునా?



ఆగమన కాలం మొదలవగానే మన గుడి గుమ్మం పక్కన ఒక పెట్టె వెలుస్తుంది. దుప్పట్లు, బియ్యం, పిల్లల బట్టలు ఎవరికి తోచినవి వారు వేసి వెళ్తారు. ఎవరు ఏమి వేశారో ఎవరూ అడగరు. కాని ఒక్క మాట ఆలోచించండి. ఊరంతా వేలెత్తి చూపే పనిలో ఉన్న మనిషి ఒకడు పట్టపగలు వచ్చి, "పది దుప్పట్లు తెచ్చాను, తీసుకోండి" అంటే మనం ఏమంటాం? సంతోషంగా అందుకుంటామా? "నీ సొమ్ము మాకొద్దు" అని తలుపు వేస్తామా?

ఈ ప్రశ్న అమెరికాలోని ధర్మసంస్థలకు నిజంగానే ఎదురయింది. అక్కడ కొన్ని రాష్ట్రాలలో, చట్టం ఇచ్చిన అనుమతితో, రోగుల కోసం గంజాయి పెంచి ఇచ్చేవారు ఉన్నారు. వారిని 'కేర్‌గివర్లు' అంటారు, అంటే రోగిని చూసుకొనేవారని అర్థం. నవంబరు చివరి వారంలో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ నుండి క్రిస్మస్ వరకు అమెరికా అంతటా బొమ్మలు, ఆహారపు డబ్బాలు, చలికోట్లు పోగుచేసి పేదలకు పంచుతారు. ఆ పనిలో ఈ కేర్‌గివర్లు కూడా చేరారు. మన విచారణల నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారికి ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు, ఇరుగుపొరుగు సంగతి. అందుచేత ఈ వారం ఈ విషయాన్ని కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

కేర్‌గివర్ ఎవరు?

'గంజాయి' అనగానే మనకు ఏజెన్సీ కొండలు, దొంగ రవాణా, చెడిపోయిన కుర్రవాళ్లు గుర్తుకు వస్తారు. ఆ భయం సమంజసమైనదే. అయితే ఇక్కడ మనం మాట్లాడుకొనేది మరొక సంగతి. క్యాన్సర్ మందుల వలన వచ్చే వాంతులకు, ఎయిడ్స్ రోగులలో ఆకలి చచ్చిపోయినప్పుడు, నరాల జబ్బులలో కండరాలు బిగుసుకుపోయినప్పుడు కొందరికి దీనివల్ల ఉపశమనం కలుగుతుంది. దీని వలన హాని కూడా ఉంది. ముఖ్యంగా ఎదిగే పిల్లల మెదడుకు, గర్భిణులకు ఇది మంచిది కాదు. అలవాటు వ్యసనంగా మారే ప్రమాదం ఉంది.

1996 నవంబరులో కాలిఫోర్నియా ప్రజలు ఓటు వేసి, వైద్యుని సిఫారసు ఉన్న రోగికి గంజాయి అనుమతించారు. అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. మిషిగన్ ప్రజలు 2008 నవంబరులో, నూటికి 63 ఓట్లతో అటువంటి చట్టమే తెచ్చారు. మిషిగన్ చట్టం ప్రకారం కేర్‌గివర్‌కు కనీసం 21 ఏళ్లు నిండాలి. అతడు అయిదుగురు రోగులకు మించి చూడరాదు. ఒక్కొక్క రోగికి 12 మొక్కలు మాత్రమే పెంచాలి. రోగికి చేసే సాయానికి అయిన ఖర్చును తీసుకోవచ్చు.

అదే 2008 నవంబరులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. గంజాయి సరఫరా చేసినంత మాత్రాన ఎవరూ కేర్‌గివర్ కారని, ఆ మందుతో నిమిత్తం లేకుండా ముందునుంచే రోగి బాగోగులు నిలకడగా చూస్తున్నవారికే ఆ పేరు చెల్లుతుందని ఆ తీర్పు సారాంశం. ఈ మాటను గుర్తుంచుకోండి. సేవ ముందు, సరుకు తరువాత. మన ప్రశ్నకు జవాబు వెదకేటప్పుడు ఇదే అక్కరకు వస్తుంది.

చేతిలో ఉన్నదే ఇచ్చినవారు

అక్కడ ఆరోగ్య బీమా ఈ గంజాయికి డబ్బు ఇవ్వదు. ఉద్యోగం పోయి మంచాన పడిన రోగి తన జేబులోనుండే కొనుక్కోవాలి. అందువలన ఈ రంగంలో మొదటి దానం బొమ్మ కాదు, దుప్పటి కాదు. లేని రోగికి మందును ఉచితంగా ఇవ్వడమే మొదటి దానం.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో మేరీ రాత్‌బన్ అనే స్త్రీ ఉండేది. 1922 డిసెంబరు 22న పుట్టింది. చిన్నప్పుడు కతోలిక పాఠశాలలో చదివింది. హోటళ్లలో వడ్డన పనిచేసి బ్రతికింది. ఒక్కగానొక్క కూతురు కారు ప్రమాదంలో చనిపోయింది. గంజాయి కలిపిన బ్రౌనీలు, అంటే చాక్లెట్ కేకు ముక్కలు, అమ్ముతూ 1981లో పోలీసులకు దొరికింది. అప్పుడు ఆమె చేసినది వ్యాపారమే. న్యాయస్థానం ఆమెకు 500 గంటల సమాజసేవ శిక్షగా వేసింది.

ఆ శిక్షే ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. గంటలు పూర్తయినా ఆమె సేవ మానలేదు. ఎయిడ్స్ అంటే జనం దగ్గరకు రావడానికే భయపడిన ఆ రోజులలో నగరంలోని ప్రభుత్వాసుపత్రి ఎయిడ్స్ విభాగంలో రోగులకు సాయపడింది. వాంతులతో ఏమీ తినలేని వారికి బ్రౌనీలు ఉచితంగా ఇచ్చింది. పెంచేవారు గంజాయిని ఆమెకు ఊరికే ఇచ్చేవారు. పిండికీ చక్కెరకూ తన పింఛను డబ్బు ఖర్చుపెట్టేది. కూతురిని కోల్పోయిన ఆ తల్లి ఆ రోగులందరినీ తన బిడ్డలని పిలిచేది. 1992లో మళ్లీ అరెస్టయింది. కాని ఆ యేడే ఆగస్టు 25ను శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఆమె పేరిట గౌరవ దినంగా ప్రకటించింది. 1999 ఏప్రిల్‌లో కన్నుమూసింది.

ఆమె చట్టాన్ని దాటిన మాట నిజం. దానిని మనం పొగడనవసరం లేదు. కాని అందరూ వదిలేసిన రోగి మంచం పక్కన ఆమె కూర్చున్న మాట కూడా అంతే నిజం.

కాలిఫోర్నియాలోనే శాంటాక్రూజ్ ఊరిలో 1993లో వాలరీ కొరల్, మైక్ కొరల్ దంపతులు ఒక రోగుల సంఘం స్థాపించారు. రోగులూ వారి సంరక్షకులూ కలిసి తోట పెంచి, పండినది సభ్యులకు ఉచితంగా పంచుకొనేవారు. 2002 సెప్టెంబరులో ఫెడరల్ అధికారులు వచ్చి ఆ తోటను నరికివేశారు.

దానానికీ పన్ను!

2016లో కాలిఫోర్నియా ప్రజలు వినోదానికి వాడే గంజాయిని కూడా అనుమతించారు. 2018 జనవరి నుండి దానిమీద పన్నులు మొదలయ్యాయి. అప్పుడొక విచిత్రం జరిగింది. పేద రోగికి ఊరికే ఇచ్చిన దానికి కూడా పెంపకపు పన్ను కట్టవలసి వచ్చింది. పైసా పుచ్చుకోకుండా ఇచ్చేవాడు, ఇచ్చినందుకు ప్రభుత్వానికి ఎదురు డబ్బు కట్టాలి! దానితో ఏళ్ల తరబడి నడిచిన ఉచిత పంపిణీలు కుంటుపడ్డాయి. దీనిని సరిచేసే బిల్లును 2018లో గవర్నరు తిరస్కరించారు. 2019 అక్టోబరులో కొత్త గవర్నరు సంతకం చేశాక, 2020 నుండి ఆ దానాలకు పన్ను మినహాయింపు వచ్చింది. ఆ చట్టానికి పెట్టిన పేరులో మేరీ పేరు కూడా ఉంది.

లాభాన్ని దృష్టిలో పెట్టుకొని రాసిన నియమాలలో దయకు చోటు మరచిపోవడం ఎంత సులభమో చూశారా? ఇది ఒక్క ప్రభుత్వాల తప్పు కాదు. మన ఇంటి లెక్కల పుస్తకంలోనూ అదే జరుగుతుంది.

పండుగ పెట్టె దగ్గర చిక్కు

ఇక బొమ్మలు, ఆహారపు డబ్బాల సంగతి. కేర్‌గివర్ తన రోగులకు తప్ప ఇతరులకు మందు ఇవ్వరాదు గనుక, ఊరి పేదలకు చేయదలచిన సాయం బియ్యం రూపంలోనో బొమ్మల రూపంలోనో చేయాలి. అయితే 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయిని హెరాయిన్ పక్కనే మొదటి జాబితాలో చేర్చింది. అందువలన రాష్ట్రం ఔనన్నదానిని కేంద్రం కాదన్నది. బ్యాంకులు ఆ డబ్బును ముట్టడానికి జంకాయి. ప్రభుత్వ నిధులతో నడిచే ధర్మసంస్థలు ఆ చెక్కు తీసుకుంటే తమ నిధులకు ముప్పు వస్తుందేమోనని వెనుకాడాయి. కొందరు వద్దన్నారు. కొందరు నగదు వద్దు, వస్తువులు చాలన్నారు. కొందరు పేరు చెప్పకుండా ఇమ్మన్నారు.

మరొక చిక్కు కూడా ఉంది. కొన్ని దుకాణాలు "బొమ్మ తెచ్చి పెట్టెలో వేయండి, మా సరుకు మీద ధర తగ్గిస్తాం" అని ప్రకటించాయి. ఇది దానమా, బేరమా? పేద బిడ్డ పేరు చెప్పి సరుకు అమ్ముకోవడం కాదా?

శ్రీసభ ఏమంటుంది?

మాదక ద్రవ్యాల వాడకం తీవ్రమైన దోషమని, కేవలం చికిత్స నిమిత్తం వాడటం మాత్రమే దానికి మినహాయింపని సత్యోపదేశ గ్రంథం (2291) బోధిస్తుంది. కీర్తిశేషులు ఫ్రాన్సిస్ పాపుగారు 2014 జూన్‌లో రోము నగరంలో మాట్లాడుతూ, వినోదం కోసం వాడే మత్తును చట్టబద్ధం చేయడం తగదని స్పష్టంగా చెప్పారు. 2016లో మసాచుసెట్స్ రాష్ట్రంలో అటువంటి చట్టాన్ని అడ్డుకొనేందుకు బోస్టన్ అగ్రమేత్రాసనం 8 లక్షల 50 వేల డాలర్లు ఖర్చుపెట్టింది. కనుక చికిత్స వేరు, వినోదం వేరు. ఈ గీతను మనం చెరిపివేయరాదు.

మరి ఇటువంటి పనిలో వచ్చిన సొమ్ముతో దానం చేయవచ్చునా? 13వ శతాబ్దంలోనే పునీత థామస్ అక్వినాస్‌గారు ఇటువంటి ప్రశ్ననే చర్చించారు. ఒకరిని దోచి తెచ్చిన సొమ్ము అయితే దానం చెల్లదు, సొంతదారుకే తిరిగి ఇవ్వాలన్నారు. పని తప్పయినా, సొమ్ము మరొకరిని దోచినది కాకపోతే, దానితో దానం చేయవచ్చునన్నారు. చూడండి, ఆయన మొదట అడిగినది "ఈ మనిషి మంచివాడా?" అని కాదు. "ఈ సొమ్ము ఎవరిది?" అని అడిగారు.

లూకా సువిశేషం 19వ అధ్యాయంలో జక్కయ్య కథ మీకు తెలుసు. క్రీస్తునాథుడు అతని ఇంటికి వెళ్లినప్పుడు ఊరు సణిగింది. కాని జక్కయ్య పేదలకు సగం ఆస్తి ఇస్తాననడంతో ఆగలేదు. మోసపోయినవారికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. దానం, న్యాయం రెండూ ఒకేసారి అతని ఇంట అడుగుపెట్టాయి.

మూడు ప్రశ్నలు

కనుక అక్కడ పండుగ పెట్టె దగ్గర నిలబడిన విచారణ పెద్దలు, కానుక తెచ్చిన మనిషిని అవమానించకుండా, తమలో తాము మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు.

మొదటిది: ఈ సొమ్ము ఎవరి కన్నీటితోనైనా తడిసిందా? ఖర్చుకు మించి రోగిని పిండి, ఆ మిగులుతో బొమ్మలు కొంటే అది ఒకరి మందు తీసి మరొకరికి ఆటవస్తువు ఇవ్వడమే. ఆ కేర్‌గివర్ ముందు తన రోగికి ధర తగ్గించాలి.

రెండవది: ఇచ్చేవాడు బదులుగా ఏమి కోరుతున్నాడు? ఏమీ కోరకపోతే మంచిది. బొమ్మ మీద దుకాణం గుర్తు ఉండాలంటే మర్యాదగా కాదనాలి. పిల్లవాడి చేతిలోని కారు బొమ్మ ప్రకటన బోర్డు కారాదు.

మూడవది: పండుగ వెళ్లాక ఏమిటి? జనవరి చలిలో, ఫోటో తీసేవారు లేనప్పుడు, ఆ మనిషి రోగి గుమ్మం తొక్కుతున్నాడా? కాలిఫోర్నియా న్యాయస్థానం అడిగినది సరిగ్గా ఇదే.

ఈ మూడింటికీ జవాబు బాగుంటే, ఆ చేతి కానుకను కృతజ్ఞతతో అందుకోవచ్చు. కానుకను కాదనవలసి వచ్చినా, మనిషిని కాదనవద్దు. లోపలికి పిలిచి ఒక కప్పు కాఫీ ఇవ్వండి. వృద్ధాశ్రమంలో వడ్డించడానికి అతని చేతులను అడగండి. దానికి ఏ బ్యాంకు అనుమతీ అక్కరలేదు.

మన ఇంటి సంగతి

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. అక్కడి వైద్య గంజాయి కార్డు ఇక్కడ చెల్లదు. మన దేశంలో 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం అమలులో ఉంది. నొప్పికి మంచిదని ఎవరైనా చెప్పినా, పెట్టెలో పెట్టుకొని తేవద్దు.

అదే చట్టం భయంతో మన దేశంలో క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ మందు కూడా చాలాకాలం దొరకక, ఎందరో నొప్పితో మూలుగుతూ పోయారు. 2014లో సవరణ చేసి దానిని కొంత సులభం చేశారు. మత్తుమందు మీద భయం న్యాయమైనదే. కాని ఆ భయం రోగి నొప్పిని మనకు కనబడకుండా చేయరాదు. మీ వీధిలో అలా మంచాన పడినవారు ఉంటే, నొప్పి తగ్గించే చికిత్స గురించి వైద్యుని అడగడంలో ఆ కుటుంబానికి సాయపడండి. ఆ ఇంటివారికి ఒక రాత్రి నిద్ర దొరికేలా మీరు రోగి పక్కన కూర్చోండి. ఈ క్రిస్మస్‌కు అంతకంటె మంచి కానుక ఏముంది?

ఇంటిల్లిపాదీ చర్చించుకోండి

1. ఈ ఏడాది మన ఇంటి నుండి వెళ్లిన దానంలో, ఎవరికైనా ఇవ్వవలసిన కూలి గాని అప్పు గాని ఆపి ఇచ్చినది ఉందా?

2. ఒక మనిషి వృత్తిని బట్టి అతని సాయాన్ని మనం ఎప్పుడైనా తోసిపుచ్చామా? ఆ రోజు అతనితో ఏమన్నాం?

3. పండుగ తరువాత, జనవరి నెలలో, మన విచారణలో ఏ రోగి గుమ్మం తొక్కుదాం? ఈ రాత్రే ఒక పేరు కాగితం మీద రాసుకోండి.