గీత దాటని అడుగు

ఆటస్థలమున సున్నముతో గీచిన గీతలుండును. బంతి గీత దాటినచో న్యాయనిర్ణేత వెంటనే చెప్పును. ఆటగాడు హద్దు మీరినచో ఈల వేసి ఆపును. కాని ఆటస్థలము వెలుపల అట్టి గీతలు కంటికి కనబడవు. ఈల వేయువారును ఉండరు. అందుచేతనే ఆటలో ఓడినవాని కథకంటె ఆట వెలుపల కాలు జారినవాని కథ ఎక్కువ దుఃఖకరము. నేటి ఓటమి రేపటి గెలుపుతో తీరును. పోయిన మంచిపేరు అంత సులభముగా తిరిగి రాదు.

పూర్వము మన దేశమున ఆటను జీవనోపాధిగా ఎంచుకొన్నవారు అరుదు. నాగపురమున ఒక తెలుగు కుటుంబమున జన్మించిన సి. కె. నాయుడు 1932వ సంవత్సరమున లండను నగరమందలి లార్డ్సు మైదానములో భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టునకు నాయకుడై ఆడెను. ఆ కాలపు ఆటగాండ్రకు కీర్తి దక్కెను గాని, ఆటవలన సంపదలు చేకూరలేదు. నేటి స్థితి వేఱు. క్రికెట్టు, కబడ్డీ మొదలగు ఆటలలో జట్ల యజమానులు ఆటగాండ్రను వేలములో పాడి తీసికొనుచున్నారు. 2024 నవంబరులో జరిగిన క్రికెట్టు వేలమున పదుమూడేండ్ల బాలుడొకనిని ఒక జట్టు 1 కోటి 10 లక్షల రూపాయలకు తీసికొనెను. పదుమూడేండ్లనగా ఎనిమిదవ తరగతి చదువు వయస్సు!

ప్రతిభకు తగిన ప్రతిఫలము లభించుట సంతోషకరమే. కాని ధనము, కీర్తి లేత వయస్సుననే వచ్చినపుడు వాని వెంట మఱికొందఱు కూడ వత్తురు. కొత్త స్నేహితులు, కానుకలు తెచ్చువారు, బలమునకు మందులిత్తుమనువారు, కాగితముపై సంతకము చేయుమని తొందరపెట్టువారు చుట్టును చేరుదురు. వారిలో మంచివారెవరో, చెడ్డవారెవరో తెలిసికొను అనుభవము ఆ వయస్సున ఉండదు. వృత్తిలో అడుగిడిన పిమ్మట ఈ వివేకమును నేర్చుకొందమనుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వంటిది. దానిని ముందే అలవరచుకొనవలెను. ఆ వివేకమంతయు రెండు మాటలలో ఇమిడియున్నది: తెలియనిదానిని అడుగవలెను, జరిగినదానిని దాచరాదు. ఈ రెండు మాటల విలువ ఎంతటిదో కొందఱు క్రీడాకారుల జీవితములవలన తెలిసికొందము.

మహమ్మదు ఆమిరు 1992వ సంవత్సరమున పాకిస్తానులో జన్మించెను. అతడు ఎడమచేతితో అతివేగముగా బంతిని విసరి, దానిని గాలిలోనే వంపు తిప్పగల నేర్పరి. 2009లో ఇరువది ఓవర్ల ప్రపంచపోటీని గెలిచిన పాకిస్తాను జట్టులో అతడున్నాడు. అప్పటికి అతని వయస్సు పదునేడేండ్లు మాత్రమే. 2010 ఆగస్టులో లార్డ్సు మైదానమున ఇంగ్లండుతో జరిగిన టెస్టు ఆటలో అతడు ఒకే ఇన్నింగ్సున ఆరు వికెట్లు పడగొట్టెను. నాయుడుగారు మన జట్టును నడపిన మైదానమే అది. అచ్చట అట్టి ఘనత సాధించుట ఏ బౌలరుకైనను జీవితకాలపు కల.

కాని ఆ ఆట ముగియకమునుపే ఒక ఇంగ్లీషు వార్తాపత్రిక ఘోరమైన సంగతిని బయటపెట్టెను. పత్రికా విలేకరి ఒకడు జూదపు వ్యాపారివలె నటించి, పాకిస్తాను ఆటగాండ్ర ప్రతినిధికి 1,50,000 పౌండ్లు ఇచ్చెను. ఏ ఓవరులో ఏ బంతి నోబాలు అగునో ఆ ప్రతినిధి ముందుగానే చెప్పెను. అతడు చెప్పినట్లే ఆమిరు రెండు పర్యాయములు, అతని తోటి బౌలరు ఒక పర్యాయము కాలు గీత దాటించి బంతి వేసిరి. చూచువారికి అది పొరపాటు. ఎఱిగినవారికి అది అమ్మకము.

మూడు నోబాల్సువలన ఆ ఆట గెలుపోటములు మారలేదు. అయినను ఆటగాడు బేరమునకు లోబడెనా లేదా అన్నదే ప్రశ్న. 2011 ఫిబ్రవరిలో అంతర్జాతీయ క్రికెట్టు మండలి ఆమిరును ఐదేండ్లు ఆటనుండి బహిష్కరించెను. అదే సంవత్సరము నవంబరులో లండను న్యాయస్థానము అతనికి ఆఱు నెలల శిక్ష విధించెను. జట్టు నాయకునకును, ఆ రెండవ బౌలరునకును, మధ్యవర్తికిని కూడ శిక్షలు పడెను. పందొమ్మిదేండ్ల యువకుడు మైదానమున ఉండవలసిన కాలమున చెఱసాలలో ఉండవలసివచ్చెను.

ఈ కథలో ఆలోచింపదగిన విషయమొకటి కలదు. ఆమిరును చెడుదారి పట్టించినవారు దారిన పోవు దొంగలు కారు. అతడు గౌరవింపవలసిన జట్టు నాయకుడే ఆ కుట్రలో ఉండెను. పెద్దల మాట వినుట మన ధర్మము. కాని తప్పు చేయుమని చెప్పినది పెద్దవాడైనంత మాత్రమున ఆ తప్పు ఒప్పు కానేరదు. అట్టి సమయమున వేఱొక పెద్దకు చెప్పుకొనుటయే దారి. తల్లిదండ్రులకు గాని, శిక్షకునకు గాని, ఆటను పాలించు సంఘపు అధికారికి గాని ఒక్క మాట చెప్పియున్నచో ఆమిరు కథ వేఱుగా ఉండెడిది. శిక్షాకాలము ముగిసిన పిమ్మట అతడు 2016లో మరల తన దేశము పక్షమున ఆడెను. 2017లో ఛాంపియన్సు ట్రోఫీ తుదిపోటీలో మన జట్టులోని మొదటి ముగ్గురు ఆటగాండ్రను వెనుకకు పంపి తన జట్టు గెలుపునకు తోడ్పడెను. పడినవాడు లేవగలడనుటకు ఇది నిదర్శనము. కాని పదునెనిమిది నుండి ఇరువది మూడు వఱకు గల వయస్సును అతనికి తిరిగి ఇచ్చువారెవరు?

"ధనము ముట్టలేదు, నాకేమి దోషము?" అని కొందఱు తలంపవచ్చును. క్రికెట్టు నియమములు దీనికి స్పష్టముగా సమాధానము చెప్పుచున్నవి. జూదరి ఎవడైన ఆటగానిని సమీపించినచో, అతడు ఆ సంగతిని వెంటనే అధికారులకు తెలుపవలెను. తెలుపకుండుట కూడ నేరమే. బంగ్లాదేశపు ప్రసిద్ధ ఆటగాడు షకీబల్ హసను ఎవరివద్దను ధనము పుచ్చుకొనలేదు, ఆటను చెడగొట్టలేదు. ఒక జూదరి తనను సమీపించిన సంగతిని మాత్రము చెప్పక ఊరకుండెను. అందుకు 2019 అక్టోబరులో అతనికి రెండేండ్ల నిషేధము విధింపబడెను. అందులో ఒక ఏడు వాయిదా వేయబడినను, మిగిలిన ఏడాది అతడు ఆటకు దూరముగా ఉండవలసివచ్చెను. మౌనము అన్నివేళల మంచితనము కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మందుల విషయము. 2000వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. రుమేనియా దేశపు పదునాఱేండ్ల బాలిక ఆండ్రియా రదుకాను వ్యాయామక్రీడలలో సర్వప్రథమురాలై బంగారు పతకము గెలిచెను. ఆమెకు జలుబు చేసియుండుటచే జట్టు వైద్యుడు ఒక మాత్ర ఇచ్చియుండెను. ఆ మాత్రలో నిషిద్ధ పదార్థమొకటి ఉన్నట్లు పరీక్షలో తేలెను. ఆమె మోసము చేయదలచినదని ఎవరును అనలేదు. దానివలన ఆమెకు లాభము కలిగెననియు అనలేదు. అయినను నియమము నియమమే. ఆ బంగారు పతకమును ఆమెనుండి తీసికొనిరి. మందిచ్చిన వైద్యునికిని శిక్ష పడెను గాని పతకము మాత్రము తిరిగి రాలేదు.

ఈ కఠిన నియమమునకు కారణము కలదు. "నాకు తెలియదు" అను మాటను అంగీకరించినచో మోసగాండ్రందఱును ఆ మాటనే చెప్పుదురు. కావున తన దేహములోనికి పోవు ప్రతి పదార్థమునకును ఆటగాడే బాధ్యుడని ప్రపంచమంతట నిర్ణయించిరి. మన దేశమందును 2022లో ఇందుకు ప్రత్యేకమైన చట్టము చేయబడెను. 2019లో మన యువ క్రికెట్టు ఆటగాడు పృథ్వీ షా ఎనిమిది నెలలు నిషేధింపబడుటకు కారణమైన పదార్థము సాధారణముగా దగ్గు మందులలో ఉండునదే. అప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు. అందుచేత పోటీలకు పోవు బాలబాలికలు దగ్గునకైనను, జ్వరమునకైనను వైద్యునివద్దకు పోయినపుడు "నేను క్రీడాకారుడను" అని మొదటనే చెప్పవలెను. దుకాణమున స్వయముగా మందు కొనరాదు. బలము పెంచునని స్నేహితుడిచ్చిన పొడిని త్రాగరాదు. నిజముగా నిషిద్ధమైన మందే వ్యాధికి అవసరమైనచో, తగిన అధికారులవద్ద అనుమతి పొందు విధానమును కలదు. అడిగినవానికి దారి దొరకును.

తెలియక పుచ్చుకొన్న మందు పతకమును హరించినది. తెలిసి పుచ్చుకొను మత్తుమందు ప్రాణమునే హరించును. అమెరికాలో లెను బయసు అను బాస్కెట్‌బాలు ఆటగాని కథ ఇందుకు తార్కాణము. 1986 జూను 17వ తేదీన బోస్టను జట్టు అతనిని దేశమంతటిలో రెండవవానిగా ఎన్నుకొనెను. మిత్రులతో కలిసి కొకైను అను మత్తుమందు సేవించుటచే జూను 19వ తేదీన అతడు మరణించెను. అప్పటికి అతనికి ఇరువది రెండేండ్లు. వృత్తిలో ఒక్క ఆటయైనను ఆడకమునుపే ఆ దీపము ఆరిపోయెను. అదే సంవత్సరము అమెరికా బాస్కెట్‌బాలు సంఘము కొత్త ఆటగాండ్రకు ఆట మొదలు కాకమునుపే మంచిచెడులు బోధించు తరగతులను ప్రారంభించెను.

మన బాలురకు మిక్కిలి సమీపమున ఉన్న ప్రలోభము మఱియొకటి కలదు. అది వయస్సు దాచుట. పదునాఱేండ్లలోపు వారి పోటీలో పదునెనిమిదేండ్లవానిని ఆడించుటకు తప్పుడు జనన పత్రము సృష్టింతురు. దానివలన నిజముగా చిన్నవాడైన ఒక బాలుని స్థానము అపహరింపబడును. పూర్వపు భారత జట్టు నాయకుడు రాహుల్ ద్రావిడు 2015లో చేసిన ఉపన్యాసమున ఈ దురాచారమును గట్టిగా ఖండించెను. తల్లిదండ్రులు, గురువులు కలిసి తప్పుడు పత్రము చేయించుట చూచిన బాలుడు మోసమే నేర్చుకొనునని ఆయన హెచ్చరించెను. నేడు మణికట్టు ఎముకను ఎక్సురే తీసి వయస్సును అంచనా వేయుచున్నారు. కాగితము అబద్ధమాడినను ఎముక ఆడదు.

చెడ్డ ఉదాహరణములు చాలును. మన కనులయెదుట మంచి ఉదాహరణమును కలదు. పుల్లెల గోపీచందు 2001లో ఇంగ్లండు దేశపు సుప్రసిద్ధమైన బ్యాడ్మింటను పోటీని గెలిచెను. ఒక చల్లని పానీయపు ప్రకటనలో కనబడుటకు అతనికి అవకాశము వచ్చెను. పిల్లల ఆరోగ్యమునకు మేలు చేయని వస్తువును ప్రశంసింపనని అతడు నిరాకరించెను. పిమ్మట అతడు హైదరాబాదు నగరమున శిక్షణాలయము స్థాపించుటకు తన ఇంటిని తాకట్టు పెట్టెను. 2016లో రియో ఒలింపిక్ క్రీడలకు సన్నద్ధమగుచున్న కాలమున తన శిష్యురాలు పి. వి. సింధును మూడు నెలలపాటు ఫోను ముట్టనీయలేదు. ఆమె రజత పతకము గెలిచిన పిదపనే ఫోను తిరిగి ఆమె చేతికి వచ్చెను.

ఇరువది యొక్క ఏండ్ల యువతి ఆ కట్టుబాటునకు సమ్మతించుట గమనింపదగినది. నేడు జూదరి ఇంటి తలుపు తట్టనక్కరలేదు; ఫోనులో స్నేహితుడై ప్రవేశించును. కోపమున వ్రాసిన మాట, హాస్యమునకు తీసిన చిత్రము క్షణములో వేలమందికి చేరును. దానిని చెఱిపివేసినను చూచినవారి వద్ద నిలిచియుండును. కావున పరిచయము లేనివారు పొగడ్తలతో, కానుకలతో సమీపించినపుడు ఆ సంగతి ఇంటిలో చెప్పుట ఉత్తమము.

ఒప్పందములయందును ఇట్టి జాగ్రత్తయే కావలెను. మన చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారు చేసికొన్న ఒప్పందము చెల్లదు. అందుచేత సంతకము చేయుమని బాలుని ఒంటరిగా తొందరపెట్టువాడు హితుడు కాడు. కాగితమును ఇంటికి తెచ్చి, తల్లిదండ్రులతోను, న్యాయము తెలిసినవారితోను చదివింపవలెను. చదువును కూడ విడువరాదు. ఒక్క గాయముతో ఆట ఆగిపోవచ్చును. చదువు అట్లు ఆగిపోదు.

బాలబాలికలారా! మీలో అందఱును క్రీడాకారులు కాకపోవచ్చును. కాని ఈ వివేకము ఆటగాండ్రకు మాత్రమే చెందినది కాదు. మీరు చేయబోవు పనిని మీ తల్లిదండ్రులకు చెప్పుటకు మనస్సు వెనుదీయుచున్నదా? అచ్చటనే గీత ఉన్నదని తెలిసికొనుడు. ఆ గీతను చూపుటకు న్యాయనిర్ణేత రాడు. మీ అంతరాత్మయే న్యాయనిర్ణేత. దాని ఈల వినబడినపుడు ఆగినవాడే ఆటయందును, బ్రతుకునందును గెలుచును.

ప్రశ్నలు

1. మహమ్మదు ఆమిరు చేసిన తప్పు ఏది? అతడు దానినుండి ఎట్లు తప్పించుకొనియుండవచ్చును?
2. ధనము పుచ్చుకొననప్పటికిని షకీబల్ హసను ఏల శిక్షింపబడెను?
3. "నాకు తెలియదు" అను మాటను మందుల విషయమున ఏల అంగీకరింపరు? ఆండ్రియా రదుకాను కథ ఆధారముగా వివరింపుము.
4. వయస్సు దాచి ఆడుటవలన ఎవరెవరికి నష్టము కలుగును?
5. పెద్దవాడొకడు తప్పు చేయుమని చెప్పినచో నీవేమి చేయుదువు? పది పంక్తులలో వ్రాయుము.