మెరిస్తే మొద్దే

కత్తి వాదరని దగ్గరగా ఫొటో తీస్తే, నిజంగా పదునున్న చోట గీతే కనబడదు. బాగా నూరిన అంచు మందం మైక్రాన్ కన్నా తక్కువ ఉండొచ్చు. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యమే సుమారు 0.55 మైక్రాన్లు. అంత సన్నటిదాన్ని మ్యాక్రో లెన్స్ విడదీసి చూపించలేదు, మెగాపిక్సెల్స్ ఎన్నున్నా సరే. మొద్దుబారిన చోట మాత్రం అంచు గుండ్రబడి కాంతిని వెనక్కి కొడుతుంది, తెల్లగా మెరుస్తుంది.

అందుకే మా ఇంటి కత్తిపీటని క్లిప్ లెన్స్‌తో తీసేటప్పుడు ముందు తడి తుడిచేస్తా (నీటిచుక్కలూ మెరుస్తాయి కదా), వాదరని సూటిగా కెమెరా వైపు పెట్టి, టార్చ్ లెన్స్ పక్కనే ఉంచుతా. ఫోకస్‌లో ఉండేది మిల్లీమీటరో, ఇంకా తక్కువో. ఫోన్‌ని స్టాండ్‌కి బిగించి టైమర్ పెట్టండి, చేత్తో పట్టుకుంటే కుదరదు. నూరిన గీతలు కావాలంటే కత్తిని పక్కకి తిప్పి లైటు ఏటవాలుగా వేయాలి. చూడ్డానికి అదే అందం. కానీ అమ్మకి కావలసింది మొదటి ఫొటోనే: తెల్లచుక్కలు ఎక్కడుంటే అక్కడ నూరుతుంది.