ప్రాణవాయువు ఎచ్చట ఆగినది?

తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచినచో, ఆకివీడు రైతు వెంటనే ఏరేటరు త్రిప్పును. చెరువులో ప్రాణవాయువు తగ్గినదని అతడెరుగును. అంబులెన్సులో రోగి వెంట వెళ్ళు నర్సు పని అంత సులభము కాదు. మనిషిలో ప్రాణవాయువు నాలుగు చోట్ల ఆగవచ్చును. సిలిండరు అందరికిని తెరువవలసినదే, కాని అది అందరికిని చాలదు.

చెరువులో మునిగినవానికిని, కట్లపాము కాటుచే శ్వాసకండరములు చచ్చుబడినవానికిని ప్రాణవాయువు రక్తములోనికే చేరదు. ఊపిరి ఆగుచున్నచో బ్యాగు మాస్కుతో శ్వాస నందించవలెను.

మిక్కిలి మోసకరమైనది రక్తహీనత. పాలిపోయిన గర్భిణి వేలికి ఆక్సీమీటరు తగిలించినచో 98 శాతము చూపవచ్చును; మనము నిశ్చింతగా కూర్చుందుము. ఉన్న హిమోగ్లోబిను ఎంత నిండినదో ఆ పరికరము చెప్పునే గాని, అసలెంత ఉన్నదో చెప్పదు. 1 గ్రాము హిమోగ్లోబిను సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయును. 100 మిల్లీలీటర్ల రక్తములో 12 గ్రాములున్నచో 16 మిల్లీలీటర్లు, 6 గ్రాములున్నచో 8 మాత్రమే. కొల్లేటిలో పడవలు రెండే మిగిలినప్పుడు రెండును నిండినవనుట ఏమి ఊరట? ఆమెకు కావలసినది రక్తము. మూసిన గదిలో జనరేటరు పొగ పీల్చినవాని విషయమునను ఆ అంకె ఇట్లే మోసగించును.

రక్తస్రావముచేతనో, గుండె నీరసముచేతనో ప్రసరణ మందగించుట మూడవది, చేతులు చల్లబడును. సయనైడు వంటి విషముచే కణములు వచ్చిన వాయువును వాడుకొనలేకపోవుట నాలుగవది.

కావున గర్భిణిని ఎక్కించుకొనినప్పుడు ఆమె రక్తపరీక్ష కార్డు చూచి, రక్తము సిద్ధముగా నున్న ఆసుపత్రి ఏదో ఫోనులో తెలిసికొని బండి కదల్చవలెను.