పింగాణీ పలక వెనుక నున్న పేరు

విక్టోరియా రాణి కాలమున ఇంగ్లాండు దేశమునందు గోడలకును, చలి కాచుకొను పొయ్యుల చుట్టును చిత్రములు గల పింగాణీ పలకలు విరివిగా అతికింపబడెడివి. అట్టి పాత పలక యొకటి మన చేతికి వచ్చినచో, "దీనిని చేసిన వారెవరు?" అని యడుగుదుము. ఇది యొక్క ప్రశ్నగా తోచును గాని నిజమునకు మూడు ప్రశ్నలు. మట్టి పలకను చేసిన వారెవరు? దానిపై రంగులు దిద్దిన వారెవరు? ఆ చిత్రమును కల్పించిన వారెవరు? ఈ మూటిని వేఱుచేసి విచారింపనిచో ఒకరి కీర్తి మఱియొకరికి పోవును. కావున ఆ విచారణ క్రమమును ఇచ్చట వివరింతుము.

మొదట పలకను త్రిప్పి వెనుక చూడవలెను. 1840వ సంవత్సరమున రిచర్డు ప్రాసరు అను నతడు పొడి మన్నును లోహపు అచ్చుల నడుమ గట్టిగా అదిమి వస్తువులు చేయు విధానమునకు పేటెంటు పొందెను. స్టోకు పట్టణపు హెర్బర్టు మింటను ఆ విధానమును పలకలకు వినియోగించెను. అచ్చునందే సంస్థ పేరు చెక్కియుండినచో, అది ప్రతి పలక వెనుకను పడెడిది. ఆ పేరును పూర్తిగా చదువవలెను. "మింటన్ చైనా వర్క్సు" వేఱు. "మింటన్ హాలిన్సు" వేఱు.

పిమ్మట వజ్రాకారపు ముద్ర కలదేమో వెదకవలెను. 1842 మొదలు 1883 వఱకు బ్రిటిషు ప్రభుత్వము వద్ద నమోదైన నమూనాలకు ఈ ముద్ర చెల్లెను. సంవత్సరమును ఒక అక్షరము తెలుపును. పై మూలనున్న "ఎక్స్" 1842ను, కుడి మూలనున్న అదే "ఎక్స్" 1868ని సూచించును. 1884 నుండి వరుస సంఖ్యలు వచ్చెను. అయితే ఇది నమూనా నమోదైన కాలమే గాని పలకను కాల్చిన కాలము కాదు. ఆ నమోదు పుస్తకములు లండనులో క్యూ అనుచోట జాతీయ పత్రభాండాగారమున నున్నవి. వానిలో దొరకునది హక్కుదారుని పేరు. అతడు సాధారణముగా కర్మాగారపు యజమానియే, చిత్రకారుడు కాడు.

చిత్రకారుని కొఱకు పలక ముఖమును పరీక్షింపవలెను. జాన్ మోయర్ స్మిత్ అను నతడు మింటన్ చైనా వర్క్సు కొఱకు షేక్స్పియరు నాటక ఘట్టములను చిత్రించెను. అతని పలకలు పెక్కింటిపై అతని సంతకము కలదు. ఆ భాగ్యము అందఱికిని కలుగలేదు.

విలియం డి మోర్గన్ (1839–1917) తొలి దినములలో ఇతరుల వద్ద కొన్న పలకలపై తన చిత్రములు వేసి కాల్చుచుండెను. అట్టి వాని వెనుక పూల్ పట్టణపు సంస్థ పేరు కనబడుట కలదు. వెనుక మాత్రమే చదువువాడు డి మోర్గనును గుర్తింపడు. ముఖము మాత్రమే చూచువాడు మన్ను మలచిన వారిని మఱచును. ఇక కుంచెపట్టి రంగులు దిద్దిన పనివారి పేర్లు చాల పలకలపై ఎచ్చటను లేవు.

కావున నిదర్శనము దొరకినంత వఱకే పేరు వ్రాయుదము. తక్కిన చోట "తెలియదు" అని వ్రాయుదము. ఊహించి ఒక గొప్ప పేరు తగిలించినచో పలక వెల పెరుగవచ్చును. కాని పేరులేని పనివానికి ఆ పలకపై మిగిలియున్న ఖాళీ చోటు కూడ పోవును. ఆ చోటును ఉంచినచో, ఏనాడైనను ఒక విద్యార్థి అతని పేరును కనుగొని అందు వ్రాయగలడు.