ఈత పోటీల్లో వయసు లెక్క: "ఏ రోజుకి?" అన్న ప్రశ్న

ప్రోగ్రామింగ్ నేర్చుకున్న కొత్తలో మనమందరం రాసిన చిన్న ఫంక్షన్లలో ఒకటి, పుట్టిన తేదీ ఇస్తే వయసు చెప్పేది. పట్టుమని పది లైన్లు ఉండదు. దానికి రెండో ఇన్‌పుట్ కూడా ఒకటి ఉంటుంది: ఏ రోజుకి వయసు? మామూలుగా అక్కడ ఇవాళ్టి తేదీ పెట్టేసి ఊరుకుంటాం. పిల్లల ఈత పోటీల్లో మాత్రం చిక్కంతా ఆ రెండో ఇన్‌పుట్ దగ్గరే ఉంది. ఒక పిల్లవాడికి రాష్ట్ర పోటీలకో జాతీయ పోటీలకో అర్హత రావడం, రాకపోవడం ఒక్కోసారి దాని మీదే తేలిపోతుంది.

ఉదాహరణకి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ తీసుకుందాం. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌కి నైరుతి దిక్కున, ఇప్స్‌విచ్ నగర పరిధిలో, చెరువుల చుట్టూ లేచిన కొత్త ఊరు. 2013 డిసెంబరులో పక్కనున్న స్ప్రింగ్‌ఫీల్డ్ సెంట్రల్ దాకా రైలు వచ్చింది. మన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. మనకి మన ఊళ్ళో క్రికెట్ ఎలాగో ఇక్కడి పిల్లలకి ఈత అలాగ. స్కూల్లో స్విమ్మింగ్ కార్నివాల్ అని ఏడాదికోసారి జరుగుతుంది. అందులో బాగా ఈదినవాళ్ళు జిల్లాకి, అక్కడినుంచి మెట్రోపాలిటన్ వెస్ట్ రీజియన్‌కి, తర్వాత రాష్ట్రానికి వెళతారు. ఇది స్కూలు దారి. క్లబ్బు దారి వేరు. క్లబ్బులో చేరి, గుర్తింపు ఉన్న పోటీల్లో నిర్ణీత క్వాలిఫైయింగ్ టైమ్ సాధిస్తే డిసెంబరులో చాండ్లర్‌లోని బ్రిస్బేన్ ఆక్వాటిక్ సెంటర్‌లో జరిగే రాష్ట్ర పోటీలకి, ఆపైన ఏప్రిల్‌లో జరిగే జాతీయ వయోవిభాగ పోటీలకి వెళ్ళొచ్చు.

స్కూలు దారిలో వయసంటే పుట్టిన సంవత్సరం. డిసెంబరు 31కి ఎన్నేళ్ళు నిండుతాయో అదే వయసు. క్లబ్బు దారిలో చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతి వేరు: పోటీ మొదటిరోజుకి ఎన్నేళ్ళు నిండాయో అది. (ఏ పోటీకి ఏ నియమమో ఆ పోటీ నిబంధనల కాగితంలో ప్రతి ఏడూ చూసుకోవాలి, ఇవి మారుతుంటాయి.) వీటికి తోడు క్వీన్స్‌లాండ్ బళ్ళలో ప్రెప్ తరగతిలో చేరడానికి జూన్ 30 కటాఫ్. అంటే ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చునే స్నేహితులు కూడా కార్నివాల్ రోజున వేరే గ్రూపుల్లో ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో రేసు గుర్రాలన్నిటికీ ఆగస్టు 1నే పుట్టినరోజు చేస్తారు. మనుషులకి అంత సుఖం లేదు.

ఇద్దరు పిల్లల్ని ఊహించుకుందాం. అనిరుధ్ 2011 ఏప్రిల్ 13న పుట్టాడు, నిఖిల్ అదే నెల 11న. ఏప్రిల్ 12, 2025న జాతీయ పోటీ మొదలైందనుకోండి. ఆ రోజుకి అనిరుధ్‌కి ఇంకా 13 ఏళ్ళే. 13 ఏళ్ళ గ్రూపులో అందరికంటే పెద్దవాడు. నిఖిల్‌కి ముందురోజే 14 నిండాయి. 14 ఏళ్ళ గ్రూపులో అందరికంటే చిన్నవాడు, 15కి చేరువలో ఉన్న కుర్రాళ్ళ పక్కన లేన్‌లో దిగాలి. ఇద్దరికీ రెండురోజులే తేడా. డిసెంబరు రాష్ట్ర పోటీలో ఇద్దరూ ఒకే గ్రూపు. స్కూలు పోటీలోనూ ఒకే గ్రూపు.

పోటీ మొదటిరోజుకి వయసు చూడటమే న్యాయమని చాలామంది అనుకుంటారు. ఒక పోటీలో చిన్నవాడైతే ఇంకో పోటీలో పెద్దవాడవుతాడు కదా అని. నెలనెలా జరిగే చిన్న పోటీల విషయంలో ఇది నిజమే. కానీ పెద్ద పోటీ ఏటా ఏప్రిల్‌లోనే జరిగితే? కటాఫ్ కదులుతున్నట్టు కనబడుతుందే గానీ నిజానికి అది ఏప్రిల్‌కి పాతేసిన మేకు. నిఖిల్ 14లోనూ చిన్నవాడే, 15లోనూ చిన్నవాడే, 16లోనూ అంతే. అమెరికాలో పిల్లల్ని ఈతకి తిప్పే మిత్రులకి ఈ బాధ ఇంకా బాగా తెలుసు. అక్కడ కూడా పోటీ మొదటిరోజు వయసే లెక్క, పైగా 11-12, 13-14 అని రెండేసి ఏళ్ళ గ్రూపులు. కొత్తగా 11 నిండిన పిల్ల 13కి దగ్గరపడ్డ పిల్లతో పోటీ పడాలి. మన జాతీయ జూనియర్ పోటీల్లో గ్రూప్ 1 అంటే 15 నుంచి 17 దాకా, పుట్టిన సంవత్సరాన్ని బట్టి.

తల్లిదండ్రులు తరచు పప్పులో కాలేసే చోటు ఒకటుంది. క్వాలిఫైయింగ్ టైమ్ చూసుకోవలసింది ఈదిన రోజు వయసుకి కాదు, ఆ పెద్ద పోటీ రోజుకి ఉండే వయసుకి. నిఖిల్ జనవరిలో ఈదినప్పుడు ఫలితాల పట్టీలో అతని పేరు పక్కన 13 అని ఉంటుంది. వాళ్ళ నాన్నగారు 13 ఏళ్ళ పట్టికలో చూసి "వచ్చేసింది" అని సంబరపడతారు. నిజానికి అతను అందుకోవలసింది 14 ఏళ్ళ టైమ్, అది ఇంకా కఠినం. పోటీలు నడపడానికి చాలాచోట్ల వాడే హై-టెక్ వారి మీట్ మేనేజర్‌లో దీనికోసమే ఏజ్-అప్ డేట్ అని ఒక సెట్టింగ్ ఉంది. ఆ ఒక్క తేదీ తప్పు పెడితే గ్రూపులన్నీ తారుమారు.

క్లబ్బులో వాలంటీర్లుగా ఇలాంటి ప్రోగ్రాములు రాసిపెట్టేది సాధారణంగా మనలాంటి ఐటీ అమ్మానాన్నలే కాబట్టి రెండు మాటలు. రోజుల్ని 365.25తో భాగించి వయసు తేల్చొద్దు. 2012 ఏప్రిల్ 12 నుంచి 2025 ఏప్రిల్ 12కి 4748 రోజులు, భాగిస్తే 12.9993. దశాంశాలు కత్తిరిస్తే సరిగ్గా ఆ రోజే 13 నిండిన పిల్లకి 12 అని వస్తుంది. సంవత్సరాలు తీసేసి, నెలా తేదీ ఇంకా రాకపోతే ఒకటి తగ్గించడమే సరైన పద్ధతి. రెండోది టైమ్ జోన్. బ్రిస్బేన్ యూటీసీకి 10 గంటలు ముందు. పుట్టిన తేదీని అర్ధరాత్రి సమయంతో కలిపి దాచి, యూటీసీలో చదివితే ఏప్రిల్ 13 కాస్తా ఏప్రిల్ 12 అయిపోతుంది. పైన చెప్పిన అనిరుధ్‌కి ఈ ఒక్క బగ్‌తో ఒక ఏడాది వయసు పెరిగి గ్రూపు మారిపోతుంది. పుట్టిన తేదీకి గడియారం అక్కర్లేదు, ఉత్త తేదీగానే దాచాలి.

ఇక అసలు విషయం. కటాఫ్‌కి దగ్గరగా పుట్టినవాళ్ళకి కలిసిరావడాన్ని పరిశోధకులు సాపేక్ష వయసు ప్రభావం అంటారు. 1985లో బార్న్‌స్లీ, మరి ఇద్దరు కలిసి కెనడా హాకీ ఆటగాళ్ళలో జనవరి, ఫిబ్రవరి పుట్టుకలు ఎక్కువగా ఉన్నాయని చూపించారు. 2008లో గ్లాడ్‌వెల్ పుస్తకం "అవుట్‌లయర్స్"తో అది అందరికీ తెలిసింది. ఈత మీద ఆస్ట్రేలియాలోనే పని జరిగింది. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ కోబ్లీ బృందం 2000 నుంచి 2014 దాకా జాతీయ స్థాయిలో ఈదిన సుమారు 6 వేలమంది పిల్లల వివరాలు పరిశీలించింది. 12, 13, 14 ఏళ్ళ గ్రూపుల్లో పెద్దవాళ్ళదే పైచేయి. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతూ పోయి, చివరి గ్రూపులకి వచ్చేసరికి కనబడకుండా పోయింది, కొన్నిచోట్ల తిరగబడింది కూడా.

కానీ మనవాళ్ళు పిల్లల్ని ఈత మాన్పించేది సరిగ్గా ఎప్పుడు? 13, 14 ఏళ్ళకే. అర సెకనులో క్వాలిఫైయింగ్ టైమ్ తప్పింది, తెల్లవారుజామున 5 గంటలకి లేపి తీసుకెళ్ళడం ఎందుకు, ఆ సమయంలో మ్యాథ్స్ ట్యూషన్ పెట్టించొచ్చు కదా అని. ట్యూషన్ పెట్టించడం తప్పని నేననను. ఆ అర సెకను పిల్లవాడిదో, క్యాలెండర్‌దో తెలుసుకోకుండా నిర్ణయం తీసుకోవడమే నాకు నచ్చని సంగతి.

తెలుసుకోవడానికి కోబ్లీ బృందమే 2019లో ఒక పద్ధతి ప్రచురించింది. మనకి బాగా పరిచయమైన రిగ్రెషనే. వయసు ఒక అక్షం మీద, 100 మీటర్ల ఫ్రీస్టైల్ టైమ్ ఇంకో అక్షం మీద పెట్టి, వయసుతో టైమ్ ఎంత తగ్గుతుందో గీత గీస్తారు. తర్వాత ప్రతి పిల్లవాడి టైమునీ ఒకే వయసుకి సవరిస్తారు. లెక్క కోసం ఏడాదికి 3 సెకన్లు మెరుగవుతారనుకుందాం, అంటే నెలకి పావు సెకను. 14 ఏళ్ళు అప్పుడే నిండిన నిఖిల్ 60.8 సెకన్లలో ఈదాడు. 14 ఏళ్ళ 11 నెలల ఇంకో అబ్బాయి 59.8లో ఈదాడు. ఇద్దర్నీ పద్నాలుగున్నరకి తెస్తే నిఖిల్‌ది 59.3, ఆ అబ్బాయిది 61.05. వరుస తిరగబడింది.

నిజం డేటాలో అది సరళరేఖ కాదు, వయసు పెరిగేకొద్దీ వాలు తగ్గే వంపు. ఆడపిల్లలకి, మగపిల్లలకి వేరువేరు, స్ట్రోకు స్ట్రోకుకీ వేరు. పైగా ఒకే రోజున పుట్టిన ఇద్దరిలో ఒకరికి మీసం వచ్చి ఇంకొకరికి గొంతు కూడా మారకపోవచ్చు. దానికోసం ఎత్తు, బరువు, కూర్చున్నప్పటి ఎత్తు కొలిచి ఎదుగుదలని అంచనా వేసే పద్ధతులున్నాయి. సవరించిన టైముతో ఎవరూ మెడల్ ఇవ్వరు, అర్హతా ఇవ్వరు. కోచ్ ఎవర్ని స్క్వాడ్‌లో ఉంచాలో ఆలోచించేటప్పుడు మాత్రం పనికొస్తుంది.

ఇంట్లో చెయ్యాలంటే ఒక ఎక్సెల్ షీటు చాలు. ప్రతి పోటీకీ ఒక వరుస: పోటీ మొదటిరోజు, నియమం మొదటిరోజుదా డిసెంబరు 31దా, ఆ రోజుకి పిల్లవాడి వయసు ఏళ్ళూ నెలల్లో, ఆ గ్రూపు క్వాలిఫైయింగ్ టైమ్, మనవాడి టైమ్. నెలల గడిలో 0 గానీ 1 గానీ ఉన్న వరుసల్ని, 10 గానీ 11 గానీ ఉన్న వరుసల్ని వేరువేరు రంగుల్లో పెట్టుకోండి. మొదటి రంగు వరుసలో తప్పిన అర సెకనుకీ, రెండో రంగు వరుసలో సాధించిన అర సెకనుకీ తేడా చూడగానే తెలుస్తుంది. పుట్టిన తేదీ గడిలో పాస్‌పోర్టులో ఉన్నదే వెయ్యాలి. బళ్ళో వేసేటప్పుడు అందరికీ జూన్ నెల రాయించిన తరం మనది, పిల్లలకి ఆ సౌకర్యం లేదు.