యాప్ రెడీ అయిపోయిందా? ప్లే స్టోర్‌లో పెట్టే ముందు ఇవి చూసుకోండి

మొదటి ఆండ్రాయిడ్ యాప్ తయారుచేసిన చాలామంది "నా ఫోన్‌లో బాగానే పనిచేస్తోంది కదా, ఇక అప్‌లోడ్ చేసేయడమే" అనుకుంటారు. కానీ ప్లే స్టోర్‌లో కొన్ని పనులు ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేం. అందుకే చివరి దశలో ఏం చేయాలో వరసగా చూద్దాం.

1. కొత్త ఫీచర్లు ఆపేయండి

దీన్నే ఫీచర్ ఫ్రీజ్ అంటారు. ఇక్కడి నుంచి బగ్స్ సరిచేయడమే పని. "డార్క్ మోడ్ కూడా పెట్టేద్దాం" అనిపిస్తే నోట్స్‌లో రాసుకుని తర్వాతి వెర్షన్‌కి ఉంచండి. ఇప్పుడు కొత్త కోడ్ కలిపితే, అప్పటిదాకా చేసిన టెస్టింగ్ మళ్లీ చేయాల్సి వస్తుంది.

2. రిలీజ్ బిల్డ్‌నే టెస్ట్ చేయండి

ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్ నొక్కితే మామూలుగా వచ్చేది డీబగ్ బిల్డ్. స్టోర్‌కి వెళ్లేది రిలీజ్ బిల్డ్. అందులో ఆర్8 టూల్ ఆన్ చేస్తే అది వాడని కోడ్‌ని తీసేస్తుంది, క్లాసుల పేర్లు కుదిస్తుంది. ఆ పేర్ల మీద ఆధారపడి జేసన్ డేటా చదివే కోడ్ ఉంటే, డీబగ్‌లో నడిచిన యాప్ ఇక్కడ క్రాష్ అవ్వొచ్చు. తక్కువ ర్యామ్ ఉన్న పాత ఫోన్‌లో, నెట్ ఆపేసి కూడా చూడండి.

3. మార్చలేనివి ముందే తేల్చుకోండి

ప్యాకేజ్ నేమ్ పబ్లిష్ అయ్యాక మారదు. వెర్షన్ కోడ్ ప్రతి అప్‌డేట్‌కీ పెరగాల్సిందే. ప్లే యాప్ సైనింగ్‌లో అప్‌లోడ్ కీ పోతే రీసెట్ అడగొచ్చు, కానీ ఆ తిప్పలు ఎందుకు? బ్యాకప్ పెట్టుకోండి.

4. 12 మంది, 14 రోజులు

2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ డెవలపర్ అకౌంట్ అయితే, క్లోజ్డ్ టెస్ట్‌లో కనీసం 12 మంది వరసగా 14 రోజులు ఉండాలి. మొదట్లో 20 మంది అనే నియమం ఉండేది, తర్వాత తగ్గించారు. లెక్క కోసం ఎవరినో చేర్చకండి. యాప్‌ని నిజంగా వాడే ఫ్రెండ్స్‌నీ ఇంట్లోవాళ్లనీ చేర్చండి. మీరు నొక్కని బటన్ వాళ్లు నొక్కుతారు.

5. అప్‌డేట్‌లో డేటా జాగ్రత్త

కొద్దిమందికి ముందు ఇచ్చి చూసే స్టేజ్డ్ రోలవుట్ అప్‌డేట్లకే ఉంటుంది, మొదటి రిలీజ్‌కి ఉండదు. రోలవుట్ ఆపినా, ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ల ఫోన్లో ఆ వెర్షనే ఉంటుంది. డేటాబేస్ మార్చారా? పాత వెర్షన్‌లో డేటా నింపి, దాని మీదే కొత్తది ఇన్‌స్టాల్ చేసి చూడండి. రూమ్ లైబ్రరీలో డిస్ట్రక్టివ్ మైగ్రేషన్ పెట్టి ఉంటే, సరైన మైగ్రేషన్ దొరకనప్పుడు అది యూజర్ దాచుకున్నదంతా తుడిచేస్తుంది. తర్వాత ఎంత మంచి అప్‌డేట్ ఇచ్చినా అది తిరిగి రాదు.

చివరికి ఇంకా బగ్స్ మిగులుతాయి. ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేయండి: డేటా పోతుందా? యాప్ క్రాష్ అవుతుందా? దేనికైనా అవును అని వస్తే రిలీజ్ డేట్ జరపండి. ఐకాన్ కాస్త పక్కకి ఉండటం లాంటివైతే ధైర్యంగా పబ్లిష్ నొక్కేయండి.