ఆర్పని సిగరెట్ పీక



2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో జరిగిన అగ్నిప్రమాదం మనలో చాలామందికి ఇంకా గుర్తుంది. జెట్టీ దగ్గర ఒకదానినొకటి ఆనుకుని ఉన్న మరబోట్లలో 40కి పైగా కాలిపోయాయి లేదా దెబ్బతిన్నాయి. బోట్లలోని డీజిలు, గ్యాసు సిలిండర్లు మంటను మరింత పెంచాయి. ఎన్నో మత్స్యకార కుటుంబాల జీవనాధారం ఒక్క రాత్రిలో పోయింది. కాల్చి విసిరిన సిగరెట్ పీక పక్క బోటులోని నైలాను వల మీద పడడం వల్లనే మంట మొదలైందని పోలీసులు దర్యాప్తు చేసి తెలిపారు.

పీక విసరడం మన ఊరిలో ప్రతి టీ కొట్టు దగ్గర, ప్రతి బస్‌స్టాపులో రోజూ జరిగే పనే. అందుకే ఈ అలవాటు గురించి మీతో మాట్లాడాలనుకున్నాము.

పీకలో ఏముంది?

పీకలోని తెల్లని భాగం దూది అని చాలామంది అనుకుంటారు. అది దూది కాదు, సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ పోగు. మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. పొగలోని నికోటిన్, తారు కొంత దానిలోనే నిలిచిపోతాయి. వాన పడితే వీధిలోని పీక కాలువలోకి, అక్కడి నుండి గెడ్డలోకి, చివరకు సముద్రంలోకి చేరుతుంది. 2011లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, లీటరు నీటికి సుమారు ఒక పీక చొప్పున నానబెట్టిన నీటిలో ఉంచిన చేపలలో సగం నాలుగు రోజులలో చనిపోయాయి.

బీడీకి, చుట్టకు ఈ ప్లాస్టిక్ ఉండదు. కాని నిప్పు ఒకటే, పొగాకు విషమూ ఒకటే.

పసిపిల్లలు జాగ్రత్త

పాకే పిల్లలు నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. పీక మింగిన బిడ్డకు వాంతులు, చొంగ కారడం, ముఖం పాలిపోవడం, మగత కలగవచ్చు. బలవంతంగా వాంతి చేయించకండి. నోట్లో మిగిలినది తీసివేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. లక్షణాలు కనిపించేవరకు ఆగవద్దు.

మనం ఏమి చేయాలి?

బిస్కెట్ కాగితం చెత్తబుట్టలో వేసే మనిషే పీకను రోడ్డు మీద విసురుతాడు. అది వేడిగా ఉంటుంది, వాసన వస్తుంది, వేయడానికి చోటు కనబడదు. కాబట్టి ముందు చోటు చూపించాలి.

1. కాల్చేవారు మూత గట్టిగా పట్టే చిన్న రేకు డబ్బా జేబులో ఉంచుకోవాలి. అడుగున కొంచెం ఇసుక వేయాలి.
2. కాలితో తొక్కితే నిప్పు పూర్తిగా ఆరిందని అనుకోవద్దు. నీటితో గాని తడి ఇసుకతో గాని ఆర్పి, చల్లబడిన తరువాతే చెత్తబుట్టలో వేయాలి.
3. వలలు, ఎండుగడ్డి, డీజిలు, గ్యాసు ఉన్నచోట అసలు వెలిగించకూడదు.
4. కొట్టు నడిపేవారు ఖాళీ నూనె డబ్బాలో ఇసుక పోసి, అందరికీ కనబడేచోట పెట్టాలి.
5. ఇంటివారు తిట్టవద్దు. "నాన్నా, ఇదిగో నీ డబ్బా" అని చేతికి ఇవ్వండి. పదిసార్లు గుర్తుచేస్తే అలవాటవుతుంది.

ఈ డబ్బా పొగ త్రాగడానికి అనుమతి కాదు. బహిరంగ ప్రదేశాలలో పొగత్రాగడాన్ని నిషేధించే నియమాలు 2008 అక్టోబరు 2 నుండి అమలులో ఉన్నాయి. ఉల్లంఘిస్తే 200 రూపాయల వరకు జరిమానా.

డబ్బాతో ఇంకొక మేలు ఉంది. రోడ్డు మీద విసిరిన పీకలను ఎవరూ లెక్కపెట్టరు. డబ్బాలోనివి రాత్రికి కళ్ల ముందే ఉంటాయి. "రోజుకు నాలుగైదే" అనేవారు ఒకసారి మూత తీసి లెక్కపెట్టి చూడండి. ఆ లెక్క రేపు ఒకటి, ఎల్లుండి మరొకటి తగ్గనివ్వండి. పూర్తిగా మానాలనుకునేవారు 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు. మా డాక్టర్లను అడగడానికి కూడా సంకోచించవద్దు.

అన్నిటికన్నా మంచి పీక వెలిగించని సిగరెట్టుదే. అది కుదిరేవరకు, చేతిలోని నిప్పును ఆర్పి వెళ్లడం మనందరి బాధ్యత.